డెబ్బై దాటినవారికి పిల్లల అనుమతి

మానవజాతి ఇంతకాలం ఎలా కొనసాగుతూ వచ్చిందనే విషయమై విశ్వవిద్యాలయం దగ్గర అధికారికమైన సమాచారం ఏదీ లేదు. కావలసినవారు సంబంధిత శాఖను సంప్రదించవచ్చు. ఆ శాఖ మూడో అంతస్తులో, పశువైద్యులు పాత సామాన్లు పడేసుకునే గది వెనక ఉంది. తలుపు మీద "మానవ లైంగికతా అధ్యయన శాఖ" అని ఉండవలసిన చోట "మానవ సంబంధాలు, ఇతరములు" అని ఉంటుంది. (విద్యార్థులు చేరేది ఇతరముల కోసమే.)

ఇటలీలో, వెనెతో ప్రాంతంలోని ఆ పాత ఊళ్లో ఈ ఎం.ఏ. కోర్సు పెట్టాలని పాలకమండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానాన్ని మాత్రం ఎవరూ పైకి చదవలేదు. కంప్యూటర్ల విభాగం ఇంకా సంస్కారవంతమైనది. కోర్సు పేరున్న మెయిల్ ఏది వచ్చినా దాన్ని చెత్తబుట్టలో పడేసే ఏర్పాటు చేసింది. దాంతో మొదటి ఏడాది ఎవరికీ పరీక్ష తేదీలు తెలియలేదు. ఫిర్యాదు చేద్దామంటే అందులోనూ కోర్సు పేరు రాయాలి కదా. ఒక్క ఫిర్యాదైనా రాని ఏకైక శాఖగా దానికి ఆ ఏడు ప్రశంసాపత్రం ఇచ్చారు.

నొయెమీ బొర్తొలిన్ ఇవన్నీ దాటుకుని వచ్చింది. వాళ్ల నాన్నకు సముద్రపు ఒడ్డున కియోజ్జా ఊళ్లో చేపల కొట్టు ఉంది. అమ్మాయి ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే ఆయన "డాక్టరు చదువులాంటిదేలెండి" అని నీళ్లు నమిలి, మరో రెండు చేపలు కొసరు వేసేవాడు. (ఆ ప్రశ్న అడిగేవారి సంఖ్య ఏటేటా పెరిగింది.) ఇక మిగిలింది సిద్ధాంత వ్యాసం ఒక్కటే. ఈ వేసవిలో అది గట్టెక్కితే జిల్లా ఆరోగ్య కేంద్రంలో సలహాదారు ఉద్యోగం నొయెమీదే. వేసవి దాటితే అది ఇంకొకరికి పోతుంది. ఆ ఉద్యోగం కోసం ఆ పిల్ల ప్రాణం కొట్టుకులాడిపోయేది.

ఆమె ఎంచుకున్న అంశం డెబ్బై దాటినవారి ప్రణయ జీవితం. కాలవ పక్కన బంతులాట క్లబ్బుకు వెళ్లి అడిగితే, అక్కడి పెద్దలు ఎగిరి గంతేసినంత పనిచేశారు.

"ఇన్నేళ్లకు ఒకరు అడిగారమ్మా," అన్నారు ఎనభై దాటిన ఆర్దుయినో గారు, చేతిలో బంతి కింద పెట్టి. "మా డాక్టరుకి నా మోకాళ్లు తప్ప ఇంకేమీ పట్టవు."

అంతా బాగుందనుకునేసరికి నైతిక పరిశీలనా సంఘం దగ్గర పని ఆగిపోయింది. సంఘాధ్యక్షుడు ప్రొఫెసర్ ఒత్తావియో మరాంగోన్, వయసు యాభై ఆరు, నిబంధనలంటే పంచప్రాణాలు. డెబ్బై దాటినవారు బలహీన వర్గం కిందికి వస్తారనీ, వారితో ఇటువంటి సంభాషణ జరపాలంటే సంతానం రాతపూర్వకంగా అనుమతించాలనీ ఆయన తేల్చారు. నిరాకరించే హక్కు కూడా సంతానానికి ఉంది. అయితే కారణం రాయాలి.

"సార్, వీళ్లలో కారు నడిపేవాళ్లు ఉన్నారు," అంది నొయెమీ.

"కారుకి లైసెన్సు ఉంటుందమ్మా. దీనికేదీ?"

నొయెమీ అనుమతి పత్రాలు పట్టుకుని క్లబ్బుకు పోయి సంగతి చెప్పింది.

ఆర్దుయినో గారు బంతి తుడవడం ఆపారు. "మా వాడికి యాభై నాలుగు. వాడి షర్టులకి బొత్తాలు ఈనాటికీ నేనే కుట్టిపెడతాను. ఇప్పుడు నేను పోయి వాణ్ని అడగాలా?"

"అడగాలండీ. సంతకం కూడా పెట్టించాలి."

"మా వాడి సంగతి నాకొదిలెయ్, తల్లీ," అన్నారు పక్కనే లెక్కలు వేస్తున్న జెలిందా గారు. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, ఆ ఏడాది క్లబ్బు విజేత. "ఆదివారం భోజనానికి రా. నీకు వాడు తెలిసే ఉంటాడు. మీ ప్రొఫెసరే. మరాంగోన్."

నొయెమీ ఆదివారం నాడు వెళ్లింది. బల్ల మీద పొలెంటా అనే మొక్కజొన్న సంకటి, ఎండు చేప కూర, ఎదురుగా ప్రొఫెసర్ మరాంగోన్. ఆయన తన విద్యార్థినిని చూసి, మర్యాదగా ఫోర్కు కింద పెట్టారు. జెలిందా గారు పత్రం ఆయన పళ్లెం పక్కన పెట్టారు.

"సంతకం పెట్టు నాన్నా. ఈ పిల్లకి ఆలస్యమవుతోంది."

"అమ్మా, ఈ నిబంధన నేను పెట్టిందే."

"తెలుసు. బాగానే పెట్టావు. ఇప్పుడు సంతకం కూడా పెట్టు."

"అది నీ గురించి అనుకుని పెట్టింది కాదమ్మా."

"మరెవరి అమ్మ గురించి అనుకున్నావురా?"

ప్రొఫెసర్ గారు చెవుల దాకా ఎర్రబడ్డారు. కానీ ఆయన నిబంధనల మనిషి. కలం తీసి 'నిరాకరణ' మీద టిక్కు పెట్టి, కారణం గడిలో ఇలా రాశారు: "మా అమ్మకు ఇటువంటి విషయాలతో ఎన్నడూ సంబంధం లేదు. గురువారం సాయంత్రాలు చర్చిలో పాటల సాధనకు వెళుతుంది."

జెలిందా గారు కళ్లజోడు పెట్టుకుని అది నిదానంగా చదివి, నొయెమీ వైపు తిరిగారు.

"వీడు కాక నాకింకా నలుగురు పిల్లలు, తల్లీ. పొలెంటా ఇంకాస్త వేసుకో."

మిగతా పత్రాలూ నిరాకరణలతోనే తిరిగొచ్చాయి. ఇక ఈ వేసవి గడిచిపోయినట్టేనని నొయెమీ ఏడుపు దిగమింగుకుంటూ బస్సెక్కింది. ఊరికే కూర్చోలేక కారణాలు చదవడం మొదలుపెట్టింది. "మా నాన్నకు టమాటాలు పెంచడమే లోకం." "అమ్మానాన్నలు వేరే గదుల్లో పడుకుంటారు, నాన్నకు గురక అని చెప్పారు." "మా అమ్మ అటువంటిది కాదు." ఒక దంతవైద్యుడైతే, ఆ విషయం తమ ఇంట్లో ఎప్పుడో ఆగిపోయిందనీ, అది కూడా తాను పుట్టక ముందేననీ రాసి, ముద్ర కూడా వేశాడు. నొయెమీకి నవ్వాగలేదు. డ్రైవరు అద్దంలోంచి చూశాడు. దిగేలోపు ఆమె సిద్ధాంత వ్యాసానికి కొత్త అంశం దొరికింది. తల్లిదండ్రుల ప్రణయ జీవితం గురించి నడివయసు సంతానానికి ఉన్న అభిప్రాయాలు.

సంఘం దీన్ని అదే వారం ఆమోదించింది. అభిప్రాయాలు చెప్పినవారందరూ వివేకవంతులైన పెద్దలు కాబట్టి ఎవరి అనుమతీ అవసరం లేదని ప్రొఫెసర్ మరాంగోన్ స్వహస్తాలతో రాశారు. (వివేకం ఏ వయసులో మొదలై ఏ వయసులో అయిపోతుందో అనుబంధంలో చూడవచ్చు. అనుబంధం తయారీలో ఉంది.)

సిద్ధాంత వ్యాసాన్ని పరీక్షకుల ముందు సమర్థించుకునే వాదన నాడు హాలు నిండిపోయింది. ఇంటిల్లిపాదీ రావడం అక్కడ మామూలే గానీ, బంతులాట క్లబ్బు మొత్తం ఇస్త్రీ కోట్లలో వచ్చి ముందు వరుసలు ఆక్రమించడం మాత్రం కొత్త. చేపల కొట్టు బొర్తొలిన్ గారు చివర నిలబడి టోపీ నలుపుతున్నారు.

"ఈ అభిప్రాయాల్లో నిజమెంతో సరిచూశారా?" అని అడిగారు అధ్యక్షస్థానంలో ఉన్న ప్రొఫెసర్ మరాంగోన్, ముందు వరుస వైపు చూడకుండా.

"సరిచూడాలంటే తల్లిదండ్రులను అడగాలి సార్. పిల్లలు ఒప్పుకోలేదు."

పూర్తి మార్కులు, పైన విశేష ప్రశంస. బొర్తొలిన్ గారు అందరి ముందూ కళ్లు తుడుచుకున్నారు. పక్కనున్నాయన "ఏం చదివిందండీ మీ అమ్మాయి?" అని అడిగితే, ఈసారి పేరు పూర్తిగా, గట్టిగా చెప్పారు. చేపల ప్రసక్తి లేదు.

ఆ ఊళ్లో ఇంకో ఆచారం ఉంది. పట్టా వచ్చినవారి గుట్టుమట్లన్నీ మిత్రులు బూతు పద్యాలుగా రాసి, నిలువెత్తు కాగితం మీద విశ్వవిద్యాలయం గోడకే అంటిస్తారు. తల మీద ఆకుల కిరీటంతో నిలబడి పట్టభద్రులు దాన్ని పైకి చదవాలి. తప్పు చదివితే వైన్ తాగాలి. ఏ సంఘమూ ఇందులో వేలు పెట్టదు, వందల ఏళ్ల సంప్రదాయం కాబట్టి. ఈసారి రాసిన మిత్రులు బంతులాట క్లబ్బువారు. నొయెమీ గురించి వారికి పెద్దగా తెలియదు. అందుకని తెలిసినవే రాశారు. ఎవరి భాగం కింద వారి పేరు, పుట్టిన సంవత్సరం వేసుకున్నారు, పరిశోధనకు పనికొస్తుందని.

నొయెమీ పైకి చదువుతోంది. నవ్వు ఆపుకోలేక తప్పులు చదువుతోంది, తాగుతోంది. గురువారం సాయంత్రాలు చర్చిలో పాటల సాధన జరగదని ప్రొఫెసర్ మరాంగోన్‌కు ఆ గోడ దగ్గరే తెలిసింది. ఎక్కడ జరుగుతుందో ఆర్దుయినో గారి భాగంలో ఉంది. ప్రొఫెసర్ గారు చివరి పాదం దాకా విన్నారు. తర్వాత మెట్ల మీద కూర్చుండిపోయారు. ఎవరో మంచినీళ్లు ఇచ్చారు.

నొయెమీ సోమవారం ఉద్యోగంలో చేరింది. ఆ నెలలోనే సంఘం నిబంధనలు సవరించింది. ఇకపై డెబ్బై దాటినవారు స్వేచ్ఛగా మాట్లాడవచ్చు. వారి సంతానాన్ని మాత్రం బలహీన వర్గంలో చేర్చారు. వారితో ఈ విషయం ప్రస్తావించాలంటే తల్లి గానీ తండ్రి గానీ రాతపూర్వకంగా అనుమతించాలి.

మరుసటి ఏడాది ఒక విద్యార్థి ప్రొఫెసర్ మరాంగోన్‌ను ప్రశ్నించడానికి అనుమతి కోరుతూ జెలిందా గారికి పత్రం పంపాడు. ఆమె నిరాకరించారు. కారణం గడిలో, "వాడింకా చిన్నవాడు" అని రాశారు.