మల్లిక టీచర్ నిద్ర కేసు

సూపర్‌వైజర్ యాదలక్ష్మి గుమ్మంలో అడుగుపెట్టేసరికి అంగన్‌వాడీలో పిల్లలందరూ మేలుకొనే ఉన్నారు. నిద్రపోతున్నది టీచరొక్కతే. బయట ఏప్రిల్ ఎండకు కాకులు కూడా నోళ్లు తెరిచి కూర్చుంటే, లోపల మల్లిక టీచర్ గొంగడి కప్పుకొని, గోడకు చేరగిలబడి గురక పెడుతోంది. మూడేళ్ల పాప ఒకతి పెదాల మీద వేలు పెట్టి, "ష్! టీచర్ పండుకుంది" అని సూపర్‌వైజర్‌నే హెచ్చరించింది.

మెమో అక్కడికక్కడే చేతిలో పడింది. డ్యూటీలో నిద్రకు కారణమేమిటో, బాధ్యులెవరో మూడు రోజుల్లో చెప్పాలి. చెప్పకపోతే ఉద్యోగం ఊడుతుంది.

ఈ కబురు మల్లిక భర్త నాగేందర్‌కు ఒక బర్రెకు సూది వేస్తుండగా అందింది. మోత్కూరు చుట్టుపక్కల పశువులకు చూడి సూదులేసే గోపాలమిత్ర అతనే. పన్నెండేళ్లుగా జీవాలకు వైద్యం చేస్తున్నవాడికి మనిషి రోగం ఒక లెక్కా? భార్య థైరాయిడ్ కేసు కూడా ఎనిమిది నెలలుగా అతని చేతుల్లోనే భద్రంగా ఉంది. నల్లగొండ డాక్టరమ్మ త్రివేణి వంద మైక్రోగ్రాముల గోళి రాసి, రెండు నెలలకు రక్తపరీక్ష చేయించుకొని రమ్మంది. పరీక్ష చేయించారు. వెళ్లడమే మిగిలిపోయింది. రిపోర్టు చదవగలిగే మొగుడు ఇంట్లో ఉండగా నల్లగొండకు బస్సెందుకు?

రిపోర్టులో టీఎస్‌హెచ్ ఏడు. నాలుగున్నర దాటకూడదని పక్కనే ఉంది. "ఎక్కువైంది" అని నాగేందర్ గోళీని డెబ్బై అయిదుకు దించాడు. తర్వాతి పరీక్షలో పంతొమ్మిది వచ్చింది. యాభైకి దించాడు. నలభై రెండు వచ్చింది. ఇరవై అయిదుకు దించాడు. అంకె మొండిది. నాగేందర్ అంతకన్నా మొండివాడు.

"ఇంత తగ్గించినా దిగుతలేదంటే, ఎవరో మందును చెడగొడ్తున్నరు" అని ఆ సాయంత్రమే విచారణ మొదలుపెట్టాడు.

మొదటి ముద్దాయి మెడికల్ షాపు పరశురాం.

"నకిలీ గోళీలు అమ్ముతున్నవా?" అని నాగేందర్ నలుగురి ముందు నిలదీశాడు.

"నువ్వు సూదేసినా చూడి కట్టని బర్రెలెన్నో చెప్పాల్నా?" అన్నాడు పరశురాం. అక్కడున్న రైతులిద్దరూ ఆ లెక్క మీద ఆసక్తి చూపడంతో నాగేందర్ గబగబా బండెక్కాడు.

రెండో ముద్దాయి కన్నతల్లి గుర్వమ్మ. గోళీ వేసుకున్నాక గంటదాకా చాయ తాగొద్దని డాక్టరమ్మ చెప్పింది. కోడలికి పొద్దున్నే చాయ ఇచ్చేది గుర్వమ్మే.

"నీ చాయనే అమ్మా, మందును మింగుతాంది!"

"నేను కోడలికి విషం పోస్తున్ననా కొడుకా? గట్లనే కానీ!" గుర్వమ్మ కొంగు దోపి, తన నాలుగు మేకలతో సహా ఆటో ఎక్కి చిట్యాలలోని బిడ్డ ఇంటికి వెళ్లిపోయింది. ఇంట్లో కాపలా లేకుండా మిగిలిన గొర్రెలు మర్నాడు తెల్లారకముందే పక్కింటి బిక్షమ్మ కూరగాయల మడిని శుభ్రం చేశాయి. చూసుకోవలసిన మల్లిక గొంగట్లో ఉంది.

ముద్దాయిలిద్దరూ ఒప్పుకోకపోవడంతో, రెండో రోజు నాగేందర్ భార్యతో నల్లగొండ దవాఖానకు బయలుదేరాడు. తమ మీద పడ్డ నింద కడుక్కోవడానికి పరశురాం బిల్లులతో, చిట్యాల నుంచి గుర్వమ్మ కోపంతో వచ్చారు.

త్రివేణి రిపోర్టులన్నీ బల్ల మీద పరిచింది. "చాయ ఎప్పుడిస్తవమ్మా?" అని గుర్వమ్మను అడిగింది.

"గోళి ఏసుకున్నంక గుట్ట బస్సు పోవాలె. గంట పడ్తది. అప్పటిదాంక పొయ్యే ముట్టియ్య."

పరశురాం బిల్లులు చూపించాడు. అన్నీ ఒకే కంపెనీ, అసలు గోళీలు.

"మరి నేను రాసిన వంద, ఇరవై అయిదుకు ఎట్ల దిగింది?" అంది త్రివేణి.

"నేనే సెట్ చేసిన మేడం," అన్నాడు నాగేందర్ కాలరు సర్దుకుంటూ. "అంకె పెరిగినకొద్దీ తగ్గించుకుంట వచ్చిన."

డాక్టరమ్మ రిపోర్టులు పక్కకు జరిపింది. "నీ గొర్రెపిల్లలు ఆకలికి అరుస్తే మేత పెంచుతవా, తగ్గిస్తవా?"

"పెంచుత మేడం."

"టీఎస్‌హెచ్ అంటే గా అరుపే. ఒంట్ల థైరాయిడ్ తక్కువైందని మెదడు పెట్టే కేక. నీ భార్యకు ఇన్ని నెలల సంది మేతల కోత పెడ్తున్నవు!"

నాగేందర్ చేయి కాలరు మీంచి దిగింది. త్రివేణి కొత్త డోసు రాసి, డోసు తగ్గించడమే ఈ నిద్రకూ చలికీ కారణమని ఒక కాగితం మీద పెట్టి, తర్వాతి రిపోర్టు తనకే చూపించాలని మల్లికకు రెండుసార్లు చెప్పింది.

మూడో రోజు అంగన్‌వాడీలో యాదలక్ష్మి ఆ కాగితం, మల్లిక జవాబు చదివింది. నాగేందర్ గుమ్మం బయట, గుర్వమ్మ గుమ్మం లోపల నిలబడ్డారు.

"డోసు తగ్గించిందెవరో రాయలేదేంది మల్లికా? బాధ్యుల పేరు లేకుంటే ఫైలు మూయరు."

మల్లిక తల వంచుకుంది. "మా ఇంటాయన మేడం. పేరు పలకొద్దని మా అత్త కట్టుబాటు. పదేండ్ల సంది పలకలే, రాయలే."

యాదలక్ష్మి గుర్వమ్మ వైపు చూసింది. గుర్వమ్మ కొడుకు వైపు చూసింది. నాలుగు మేకలూ, ఆటో ప్రయాణమూ ఆమెకు గుర్తొచ్చినట్టున్నాయి.

"నేనే చెప్తున్న బిడ్డా, పలుకు. బయటికి ఇనబడేటట్టు పలుకు!"

మల్లిక ఊపిరి పీల్చుకొని, పదేళ్లు దాచిన గొంతుతో అంది: "నాగేందర్!"

టీచర్ ఏది చెబితే అది తిరిగి చెప్పడం అలవాటైన ఇరవై మంది పిల్లలు ఒక్కసారిగా అరిచారు: "నా-గేం-దర్!"

ఆ ఏడాది వాళ్లు తప్పు లేకుండా నేర్చుకున్న మొదటి పాఠం అదే.