నాలుగుకు ప్రవేశం లేదు

తైనాన్‌లో ఒక ట్యూషన్ సెంటర్లో లెక్కలు చెప్పే సియోచిన్ టీచర్ ఆ పొద్దున ఒక్క పనే పెట్టుకుంది. హారాన్ని సున్నా చేసే అంకెను ప్రమేయపు ప్రదేశంలోంచి గెంటెయ్యాలని పిల్లల బుర్రకెక్కించాలి. తలుపు మీద కాగితం అంటించి పైన x²–16, కింద x–4 వేసింది. దాని కింద ఎర్ర సిరాతో, పెద్దక్షరాల్లో: "నాలుగుకు ప్రవేశం లేదు. మిగతా అందరూ రావచ్చు."

సాయంత్రం నాలుగో బ్యాచ్ పిల్లలు వచ్చారు, ఎర్ర సిరా చదివారు, మహదానందంగా ఇళ్ళకు పోయారు. లెక్క వైపు ఒక్కరూ చూడలేదు. కాసేపట్లో ఫోన్లు మొదలయ్యాయి. పిల్లల్ని ఎందుకు గెంటేశారని ఒకరు, సెంటర్ మూతపడిందా అని ఇంకొకరు. అసలే ఆ ఊరి భాషలో నాలుగన్న మాట చావన్న మాటలా వినిపిస్తుంది. ఆరో ఫోనొచ్చేసరికి పుకార్లో యజమాని లియావ్ గారే పోయారు.

"నేనే మాట్లాడుతున్నానమ్మా," అన్నాడు లియావ్. ఫోన్ పెట్టేసి కాగితం మీదికి వచ్చాడు.

"పీకెయ్యండి టీచర్. పైనా కిందా x–4 కొట్టేస్తే x+4 మిగులుతుంది. నాలుగు వేస్తే ఎనిమిది. శుభమా అని సిరుల అంకె వస్తుంటే గెంటేస్తారేంటి?"

"కొట్టెయ్యకముందే కింద సున్నా పడింది సార్. తర్వాత ఏం కొట్టేసినా నాలుగు లోపలికి రాదు. పీకను."

"అయితే రేపట్నుంచి మీరు రానక్కర్లేదు."

"రాను. పీకను కూడా."

ఆ జీతం తప్ప ఆమెకు వేరే దిక్కు లేదు. భయం వేసింది. అయినా తలుపుకు అడ్డంగా నిలబడింది.

అప్పుడే చియూ అనే తల్లి, నాలుగో బ్యాచ్‌లో చదివే కూతుర్ని ఈడ్చుకుంటూ లిఫ్టు దిగింది. పోట్లాటకే వచ్చింది. కాగితం చూసి ఆగిపోయింది.

"ఇదే లెక్కకి మా పిల్ల ఎనిమిదని రాస్తే బడిలో సున్నా వేశారు. ఎవరు చెప్పారే అంటే, టీచరమ్మ సెలవు పెట్టిన రోజు లియావ్ సార్ చెప్పారంది."

లియావ్ గోడ గడియారం చూశాడు.

"ఈ టీచర్ని కదిలించారంటే మా వీధి పిల్లలందర్నీ మాన్పిస్తా," అంది చియూ. "తీసెయ్యాలంటే ఆ పాడు అంకెను తీసెయ్యండి. నాలుగో బ్యాచ్ అని పేరు పెడితే ఏం బాగుపడతారు?"

మర్నాటి నుంచి సెంటర్లో మూడో బ్యాచ్ తర్వాత ఐదో బ్యాచ్. కాగితం తలుపు మీద అలాగే ఉంది. అది చదివి ఇంటికి పోదామంటే నాలుగో బ్యాచ్ లేదు.