మంత్రిగారి కారుకి దోబ్రిలత్త తెడ్డు

పరిశ్రమల మంత్రి వుకాషిన్ ప్రొదానొవిచ్ గారు మా ఊరి చౌరస్తాలో మైకు పట్టుకుని, సెర్బియా ఇకమీదట వెనక్కి తిరిగి చూడదని ప్రకటించారు. ప్రకటించి, వెనక్కి తిరిగి చూశారు. అక్కడ ఊరందరూ అత్తా అని పిలిచే దోబ్రిలత్త పాత కారు ఆగి ఉంది.

నేను మా ఊరి వారపత్రిక విలేకరిని. చరిత్ర ఎక్కడ జరిగితే అక్కడ నేనుండాలని మా ఎడిటర్ గారి ఆజ్ఞ. భోజనాలూ అక్కడే పెడతారు కాబట్టి నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు.

ఆ కారు పేరు మ్రావ్. అంటే చీమ. మా ఊరి ఫ్యాక్టరీలోనే పుట్టింది. మా నాన్నల కాలంలో ఇంటికొకటి ఉండేది. నలుగురు పట్టే చోట ఏడుగురినీ, ఒక మేకపిల్లనీ ఎక్కించుకుని సముద్రం దాకా వెళ్లొచ్చేది. ఇంజను వెనకాల ఉంటుంది, ఎత్తు ఎక్కితే ఉడికిపోతుంది. అందుకని వెనక మూత కాస్త ఎత్తి, వంటింటి చెక్క తెడ్డు అడ్డం పెట్టి నడుపుతాం. పెళ్లిలో కొత్త జంటకి తెడ్డు చదివించడం ఇప్పటికీ మా ఊరి మర్యాద. మా కొట్టంలోనూ ఒక మ్రావ్ ఉంది. తాళం తిప్పితే ఇప్పటికీ పలుకుతుంది గానీ, ప్రస్తుతం అందులో కోళ్లు పొదుగుతున్నాయి. రోజూ రోడ్డెక్కేది మాత్రం దోబ్రిలత్తదే.

"ఈ చీమని కరెంటు చీమగా మారుస్తాం! పొగ ఉండదు, చప్పుడు ఉండదు. పేరు ఈ-మ్రావ్! ఈ శరత్కాలంలోనే విడుదల!" అన్నారు మంత్రిగారు. మేం చప్పట్లు కొట్టాం. చప్పట్లకి మా ఊళ్లో కరువు లేదు.

సభ అయ్యాక ఆయన పీఏ రత్కో వచ్చాడు.

"అత్తా, పరిశోధనకి మీ కారు కావాలి. కొద్ది రోజుల్లో తెచ్చిస్తాం."

"మిరపకాయలు పండేలోపు ఇవ్వకపోతే?"

"మంత్రిగారి మాట అత్తా!"

"అందుకే అడుగుతున్నా నాయనా."

అత్త మిరపతోట కొండ అవతల ఉంది. అటు బస్సు పోదు. లావుపాటి ఎర్ర మిరపకాయల్ని ఇంటికి తెచ్చి, కాల్చి, తోలు తీసి, పెద్ద కాగులో ఐవార్ పచ్చడి పెట్టి సంతలో అమ్ముతుంది. మామ పోయాక చలికాలమంతా ఆవిడ పొయ్యి వెలిగేది దాంతోనే. అయినా దేశం అడిగింది కదా అని తాళాలిచ్చింది. ఇస్తూ మూత కింది తెడ్డు లాగేసుకుంది.

"ఇది ఇవ్వను. పచ్చడి కలిపేదీ దీంతోనే."

"కొత్త కారుకి తెడ్లెందుకు అత్తా!" అని రత్కో పడీ పడీ నవ్వాడు.

మంత్రిగారు చిన్న కార్లని అధ్యయనం చేయడానికి పారిస్ వెళ్లారు. పెద్ద కార్లలో తిరుగుతూ చేశారు. అదీ పట్టుదలంటే! ఈలోగా మిరపకాయలు ఎర్రబడ్డాయి. అత్త నన్ను వెంటేసుకుని మంత్రిగారి ఆఫీసుకి వెళ్లింది.

"మీ కారు పరిణామ దశలో ఉంది," అన్నాడు రత్కో.

"అదెక్కడుంది? అక్కడికైనా బస్సుందా?"

మంత్రిగారే స్వయంగా బయటికొచ్చారు. "అమ్మా, చీమ సీతాకోకచిలుకగా మారుతుంటే మధ్యలో గూడు విప్పమంటారా?"

"చీమ సీతాకోకచిలుక ఎప్పుడైందయ్యా?"

"మా ప్రభుత్వంలో అవుతుంది."

రాసుకున్నాను. ఇంత ముందుచూపున్న నాయకుణ్ణి నేను చూడలేదు.

తిరిగొస్తూ అత్త దారిలో కూలబడి ఏడ్చింది. "చెట్టునే కుళ్లిపోతున్నాయిరా. ఒక్కదాన్ని, భుజాన ఎన్నని మొయ్యను?" అదీ రాసుకున్నాను. కానీ మా పత్రికలో ఆ వారం మొదటి పేజీ అంతా సీతాకోకచిలుకకే పోయింది.

విడుదల రోజు రానే వచ్చింది. చౌరస్తాలో గుడ్డ లాగారు. ఈ-మ్రావ్ బయటపడింది. తెల్లగా, నున్నగా, వెన్నముద్దలా ఉంది. మంత్రిగారు తానే నడిపి కొండ మీది స్మారక స్తంభం దాకా ఎక్కుతానన్నారు. తాళం తిప్పారు.

అది దగ్గింది. మళ్లీ దగ్గి, గుడగుడమంటూ అంటుకుంది.

"చప్పుడుండదన్నారు?" అన్నాను.

"పాతవాళ్ల కోసం ప్రత్యేకంగా అమర్చిన చప్పుడు," అన్నాడు రత్కో. నీలంగా పొగ వచ్చింది. "అది కూడా పాతవాళ్ల కోసమే."

ఊరంతా వెనకాల నడిచింది. తెడ్డు ఏప్రానులో దోపుకుని దోబ్రిలత్త కూడా నడిచింది. రత్కో వీపు విమానం మోగించడానికే తెచ్చిందని తర్వాత చెప్పింది. సగం కొండ ఎక్కాక కారు వెనక నుంచి బుస్సుమని ఆవిరి చిమ్మి ఆగిపోయింది.

 ముసలీ ముతకా, పిల్లా మేకా, చివరికి బ్యాండువాళ్లతో సహా ఊరంతా ఒకే గొంతుతో అరిచింది:

"మూత ఎత్తండి! తెడ్డు పెట్టండి!"

"మూత సీలు చేశాం! ఎవరూ ముట్టుకోకూడదు!" అని రత్కో అడ్డుపడ్డాడు. అత్త అతన్ని పక్కకి నెట్టి, బంపరు పైన పిడికిలితో ఒక్కటి గుద్దింది. మూత లేచింది. లోపల ఒక గొట్టానికి పువ్వుల తలగుడ్డ కట్టి ఉంది.

"ఇది నాది," అంది అత్త. "గొట్టం కారుతోందని పోయినేడు నేనే కట్టా."

తెడ్డు అడ్డం పెట్టింది. ముందుకొచ్చి తలుపు తీసింది.

"దిగు నాయనా. మిరపకాయలున్నాయి."

మంత్రిగారు దిగారు. ఎంతైనా అనుభవశాలి, రెప్పపాటులో చెయ్యెత్తి, "ఈ-మ్రావ్ తొలి యజమానురాలు, మన శ్రమజీవి దోబ్రిలమ్మ!" అని ప్రకటించారు. మేం చప్పట్లు కొట్టాం. కారు తెడ్డు ఊపుకుంటూ కొండ దాటి తోటవైపు పోయింది. ఫోటో బాగా వచ్చింది.

తర్వాతి వారం అత్త పెరట్లో మిరపకాయలు కాలుతున్నాయి. సగం పంట దక్కింది. తెడ్డు కాగులోకి తిరిగొచ్చింది. నేను రొట్టె చేత్తో పట్టుకుని ఎదురుచూస్తుంటే గేటు దగ్గర రత్కో కనిపించాడు. అత్తని చూసి దూరంగానే ఆగి, నన్ను పిలిచాడు.

"అన్నా, శుభవార్త. పేపర్లో నువ్వు తీసిన ఫోటో చూసి విదేశాల నుంచి ఆర్డర్లు వచ్చాయి." గొంతు తగ్గించాడు. "ఊళ్లో ఇంకెవరి దగ్గరైనా నడిచే మ్రావ్ ఉందా?"

లేదన్నాను. ఆ సాయంత్రమే కొట్టంలోకి వెళ్లి, కోళ్లతో సహా మా మ్రావ్ మీద గడ్డి కప్పేశాను.