పడటానికి అనుమతి

రాబోయే వంద రోజుల్లో అయిదేళ్ళు నిండిన ప్రతి బిడ్డకూ పట్టుదల పంపిణీ చేస్తామని విద్యామంత్రిగారు సోమవారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించారు. ప్రస్తుతం మన పిల్లల్లో పట్టుదల ముప్ఫై నాలుగు శాతమే ఉందట. దాన్ని తొంభై ఒకటికి చేర్చేదాకా విశ్రమించనన్నారు. ఆ ముప్ఫై నాలుగు ఎవరు కొలిచారండీ అని ఒక విలేకరి అడిగితే, అలాంటి ప్రశ్నల వల్లే అది ముప్ఫై నాలుగు దగ్గర ఆగిపోయిందని చెప్పి, టీ తాగి విశ్రమించడానికి లేచారు.

పట్టుదలను బొమ్మల పుస్తకాల రూపంలో పంచాలన్నది మంత్రిగారి సొంత ఆలోచన. పదహారు పేజీల రంగుల పుస్తకం. ముందు అట్ట మీద మంత్రిగారు, వెనక అట్ట మీద మంత్రిగారు. మధ్యలో ఏముండాలన్నది చిన్న విషయం కాబట్టి దాన్ని శాఖకు వదిలేశారు.

శాఖలో చిన్న విషయాలన్నీ చివరికి చేరేది బొమ్మలావిడ దగ్గరికి. పాఠ్యపుస్తకాల కార్యాలయం మూడో అంతస్తులో, జిరాక్సు మిషనుకీ కిటికీకీ మధ్య ఇరుక్కున్న బల్ల ఆవిడది. చేతులు కడుక్కునే పిల్లాడు, రోడ్డు దాటే పిల్ల, మొక్కకి నీళ్ళు పోసే ఇద్దరు పిల్లలు, అందరూ ఆ బల్ల మీద పుట్టినవాళ్ళే. తొమ్మిదేళ్ళుగా ఆవిడ తాత్కాలిక ఉద్యోగి. ప్రతి మార్చి నెలాఖరున ఉద్యోగం పోతుంది. ఏప్రిల్లో జాయింట్ డైరెక్టరుగారు సంతకం పెడితే మళ్ళీ వస్తుంది. పర్మనెంటు చేయమని ఆవిడ తొమ్మిది అర్జీలు పెట్టుకుంది. తొమ్మిదీ పరిశీలనలో ఉన్నాయి.

"శుక్రవారానికల్లా పట్టుదల కావాలమ్మా," అన్నారు జాయింట్ డైరెక్టరుగారు, బల్ల దగ్గరికి స్వయంగా వచ్చి. "మరీ బరువుగా వద్దు. పాజిటివ్‌గా, తేలిగ్గా, పిల్లలకి ఇట్టే అర్థమయ్యేట్టు ఉండాలి. మంత్రిగారికి కూడా."

బొమ్మలావిడ ఉండేది చెల్లెలి ఇంట్లో. ఆ చెల్లెలి కూతురికి ఆరేళ్ళు. బళ్ళో వేయడానికి ఒక పేరు పెట్టారు గానీ, ఒక్కచోట నిలవని పిల్ల కావడంతో ఇంటిల్లిపాదీ బొంగరం అనే పిలుస్తారు. ఆ వారమే బొంగరం అపార్టుమెంటు పార్కింగులో సైకిలు నేర్చుకోవడం మొదలుపెట్టింది. పెద్దమ్మ మెట్ల మీద కూర్చుని స్కెచ్చు పుస్తకం తెరిచింది.

మూడు సాయంత్రాల్లో పిల్ల పదకొండు సార్లు పడింది. రెండుసార్లు స్తంభానికి, ఒకసారి వాచ్‌మన్ కుర్చీకి గుద్దుకుని, మిగతావన్నీ ఏ ఆధారమూ లేకుండా.

"నేను పడ్డప్పుడు నవ్వావు కదూ పెద్దమ్మా?"

"నవ్వలేదే. గీశాను."

బొంగరం కుంటుకుంటూ వచ్చి బొమ్మ చూసింది. "మోకాలు తప్పు. రక్తం ఇటు కాదు, ఇటు కారింది," అని తన మోకాలు చూపించి దిద్దించి, మళ్ళీ వెళ్ళి సైకిలెక్కింది.

పన్నెండోసారి పడలేదు. స్తంభాల మధ్యనుంచి ఒక చుట్టు చుట్టి వచ్చి, ఆపడం ఇంకా నేర్చుకోలేదు కాబట్టి ఇంకో చుట్టు చుట్టింది. బొమ్మలావిడ ఆ రోజు గీసిన పిల్లకి సొంత మొహం వచ్చింది. తొమ్మిదేళ్ళలో అది మొదటిసారి. పోస్టర్లలో పిల్లలందరికీ ఆవిడ ఒక్కటే మొహం పెట్టేది, శాఖ కూడా అదే కోరుకునేది. ఈ పుస్తకం మాత్రం చెడకూడదని ఆవిడ మనసులో గట్టిగా అనుకుంది.

శుక్రవారం కమిటీ కూర్చుంది. రోడ్ల శాఖనుంచి ఒకరు, ఆరోగ్య శాఖనుంచి ఒకరు, అధ్యక్షత జాయింట్ డైరెక్టరుగారిది.

"పదకొండు సార్లా!" అన్నారు రోడ్లాయన. "పిల్ల పదకొండు సార్లు పడిందంటే రోడ్డు ఎలా ఉందని జనం అనుకుంటారు?"

"అది రోడ్డు కాదండీ, పార్కింగు."

"పార్కింగు చంద్రుడి మీద ఉందా? రోడ్డు పక్కనే కదా."

ఆరోగ్యం ఆయన మోకాలి దగ్గర రక్తాన్ని భూతద్దంతో చూసినట్టు చూశారు. "దీనికి చికిత్స ఏదీ? తర్వాతి పేజీలో పిల్ల ఆసుపత్రిలో బెడ్డు మీద నవ్వుతూ పడుకోవాలి."

"మోకాలు గీరుకుంటే బెడ్డెందుకండీ?"

"కొత్త బెడ్లు వచ్చాయమ్మా," అన్నారాయన ఓపిగ్గా.

జాయింట్ డైరెక్టరుగారు రెండు పక్షాలకూ న్యాయం చేశారు. పిల్ల అసలు పడనే పడదు. "మొదటి పేజీలో ఎక్కుతుంది. రెండో పేజీలో గెలుస్తుంది."

"మిగతా పధ్నాలుగు పేజీలు సార్?"

"చప్పట్లు."

బొమ్మలావిడ బల్ల దగ్గరికొచ్చి చప్పట్లు గీయబోయింది. నాలుగు చేతులు గీశాక చెయ్యి ఆడలేదు. పదకొండులో పది వదులుకుని, ఒక్క పడటాన్ని మాత్రం ఏడో పేజీలో ఉంచి మళ్ళీ పట్టుకెళ్ళింది. తిప్పి పంపారు. పిల్లని చిన్నది చేసి పట్టుకెళ్ళింది. తిప్పి పంపారు. రక్తం తీసేసి పట్టుకెళ్ళింది. అలా ఆరుసార్లయ్యాక జాయింట్ డైరెక్టరుగారికి కోపం వచ్చింది.

"ఇంత మొండితనం పనికిరాదమ్మా! ఒక్కసారి కాదన్నాక వదిలెయ్యాలి. మనం వేస్తున్నది పట్టుదల మీద పుస్తకం, గుర్తుంచుకోండి. ఏప్రిల్ కూడా దగ్గరకొచ్చింది, అదీ గుర్తుంచుకోండి."

ఏప్రిల్లో సంతకం పడకపోతే చెల్లెలి ఇంట్లో ఊరికే కూర్చుని తినాలి. చెల్లెలి మొగుడు ఏమీ అనడు. అనకపోవడమే ఆవిడకి కష్టం. అయినా బొమ్మలు సంచిలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా మంత్రిగారి చాంబరు బయట మూడు రోజులు కూర్చుంది. నాలుగో రోజు లోపలికి రమ్మన్నారు. జాయింట్ డైరెక్టరుగారు అప్పటికే అక్కడుండి, ఆవిడని చూడగానే ఫ్యాను వంక చూడసాగారు.

మంత్రిగారి పట్టుదల గురించి వేరే చెప్పక్కర్లేదు. నాలుగు ఎన్నికల్లో నాలుగు పార్టీల తరఫున ఓడిపోయి కూడా కుంగిపోకుండా, అయిదోసారి గెలిచేవాళ్ళ పార్టీలో చేరి గెలిచిన మనిషి. ఏడో పేజీ చేతిలోకి తీసుకున్నారు.

"పడిందే!"

"ఒక్కసారేనండీ. పడకపోతే ఇక లేచేదేముంటుందండీ?"

మంత్రిగారు ఆలోచనలో పడ్డారు. ఆయన అంతసేపు ఆలోచించడం అంతకు ముందు ఎవరూ చూడలేదు. నీళ్ళ గ్లాసు ఇవ్వబోయిన మనిషి గ్లాసుతో సహా ఆగిపోయాడు.

"పడనివ్వండి," అన్నారు చివరికి. "కానీ తేదీ వేయండి. గత ప్రభుత్వ హయాంలో పడింది, మన హయాంలో లేచింది."

జాయింట్ డైరెక్టరుగారు ఫ్యాను వదిలేసి చప్పట్లు కొట్టారు.

బొమ్మలావిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. "ప్రభుత్వం మారి నాలుగేళ్ళయిందండీ. అంటే పిల్ల నాలుగేళ్ళపాటు కిందే పడి ఉందాండీ?"

"దాన్నే పట్టుదల అంటారమ్మా."

"అప్పటికి పిల్లకి రెండేళ్ళే కదండీ?"

"చూశారా, ఎంత చిన్నప్పుడే మొదలెట్టిందో!"

ఏడో పేజీలో ఒక మూల తేదీ వేశారు. అయితేనేం, పిల్ల పడింది. ఎనిమిదో పేజీలో, "మళ్ళీ ఎక్కు" అన్న పెద్ద అక్షరాల పక్కన లేచింది. లక్షల ప్రతులు అచ్చయ్యాయి. ఆవిడ మొదటి ప్రతి ఇంటికి తీసుకెళితే బొంగరం ఒక్కొక్క పేజీ తిప్పి చూసి, "మిగతా పదీ ఎక్కడ?" అని అడిగింది. ప్రభుత్వం దగ్గరున్నాయని చెప్పి పెద్దమ్మ అన్నం పెట్టింది.

ఆవిష్కరణ సభకి సైకిలు తొక్కే బిడ్డ ఒకరు కావలసివచ్చారు. మొదట జాయింట్ డైరెక్టరుగారి మనవణ్ణి అనుకున్నారు గానీ, అతనికి బ్యాటరీ కారు మాత్రమే వచ్చు. "మీ బొమ్మలో పిల్ల నిజంగానే ఉందట కదా, తీసుకురండి," అన్నారాయన. "మీ ఏప్రిల్ ఫైలు నా బల్ల మీదే ఉంది. సభ కాగానే చూస్తాను."

హాల్లో రెండు వేలమంది పిల్లలు, ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కొక్క పుస్తకం. వేదిక మీద ఎర్రటి కొత్త సైకిలు. మంత్రిగారి సమక్షంలో ఎవరూ పడకూడదు కాబట్టి, సైకిలు రెండు చక్రాలూ గాల్లో తిరిగేట్టు ఇనప స్టాండు మీద నిలబెట్టి, ఆ స్టాండుని వేదిక చెక్కలకి నాలుగు బోల్టులతో బిగించారు. ఈ పని ముగ్గురు ఇంజనీర్ల పర్యవేక్షణలో జరిగింది. స్పానర్ల టెండరు ఇంకా తేలలేదు కాబట్టి నట్లు చేత్తోనే తిప్పారు.

మంత్రిగారు ఉపన్యాసం మొదలుపెట్టారు. బొంగరం సైకిలెక్కి తొక్కడం మొదలుపెట్టింది. కాసేపటికి తల తిప్పి, "పెద్దమ్మా, ఇది పోవట్లేదు," అంది.

జాయింట్ డైరెక్టరుగారు వంగి గుసగుసలాడారు. "పోతోందమ్మా, తొక్కు."

"ఎక్కడికి?"

"ముందుకే."

"మరి మీరు కూడా నా పక్కనే ఉన్నారేంటి?"

ఆయన రెండడుగులు వెనక్కి జరిగారు. అటు మంత్రిగారు ఊపందుకున్నారు. "చూడండి ఈ చిట్టితల్లిని! ఇరవై నిమిషాలుగా తొక్కుతూనే ఉంది! ఒక్క అంగుళమైనా వెనక్కి పోయిందా? అదే మన ప్రభుత్వం!" హాలు దద్దరిల్లింది.

ఆ చప్పట్లలో బొంగరం దిగిపోయింది. సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి, గొంతుక్కూర్చుని, స్టాండు కింద చూసింది. వేలు పెట్టి ఒక నట్టుని కదిపింది. జారింది. నాలిక బయటపెట్టి మళ్ళీ తిప్పింది. మళ్ళీ జారింది. గౌను అంచు నట్టు చుట్టూ చుట్టి, రెండు చేతులతో, మొహం ఎర్రగా చేసుకుని తిప్పింది. ఎన్నోసారికో అది ఊడింది. దాన్ని జేబులో వేసుకుని రెండోదాని దగ్గరికి జరిగింది.

వేదిక పక్కనుంచి బొమ్మలావిడ ఇదంతా చూస్తూనే ఉంది. వెళ్ళి పిల్లని లేపాలని తెలుసు. ఏప్రిల్ ఫైలు కళ్ళముందు కదిలింది. కానీ ఆ నాలిక, ఆ గౌను అంచు, ఆ ఎర్రటి మొహం మళ్ళీ దొరకవు. ఆవిడ సంచిలోంచి స్కెచ్చు పుస్తకం తీసింది. మంత్రిగారు ఆర్థిక ప్రగతి దగ్గరకొచ్చేసరికి మూడో నట్టు, ముగింపు వాక్యాల దగ్గరకొచ్చేసరికి నాలుగోది వచ్చేశాయి. జాయింట్ డైరెక్టరుగారు ఉపన్యాసాన్ని కళ్ళు మూసుకుని ఆస్వాదిస్తున్నారు.

ఉపన్యాసం అయిపోయింది. "సార్, ఒక్క ఫొటో! సైకిలు మీద!" అన్నారు ఫొటోగ్రాఫర్లు.

"నేను ముందు," అంది బొంగరం.

"తాతగారి తర్వాత నువ్వు," అని జాయింట్ డైరెక్టరుగారు పిల్లని ఎత్తి పక్కన పెట్టారు.

బొమ్మలావిడ పుస్తకం పడేసి పరిగెత్తుకొచ్చింది. "సార్! ఆ సైకిలు పడి..."

"అమ్మా!" అని ఆయన పళ్ళు కొరికారు. "ఇప్పుడు కూడా పడటం గురించేనా?"

మంత్రిగారు ఎక్కారు. చెయ్యి ఊపారు. ఉత్సాహంగా తొక్కారు. మూడో తొక్కుకి స్టాండు, సైకిలు, మంత్రిగారు అదే వరుసలో ఎడమవైపుకి ఒరిగి, వేదిక మీద పడుకున్నారు. దెబ్బ ఏమీ తగలలేదు. లాల్చీ మోకాలి దగ్గర కాస్త చిరిగింది, అంతే.

అక్కడున్నవాళ్ళలో ఏం చేయాలో తెలిసిన అధికారి ఒక్కరూ లేరు. మంత్రి పడితే ఎవరు లేపాలన్నదానికి ఉత్తర్వులు లేవు.

బొంగరం వెళ్ళి చెయ్యి చాపింది. "ఏం కాదు తాతా. నేను పదకొండు సార్లు పడ్డాను. లే, మళ్ళీ ఎక్కు."

మంత్రిగారు ఆ చెయ్యి వంక చూశారు. సైకిలు వంక చూశారు. ఒక్క క్షణం ఆయన చెయ్యి కొంచెం లేచినట్టే బొమ్మలావిడకి అనిపించింది. ఈలోగా రెండు వేల పుస్తకాలు ఎనిమిదో పేజీకి తిరిగాయి. "మళ్ళీ ఎక్కు! మళ్ళీ ఎక్కు!" అని రెండు వేల గొంతులు అందుకున్నాయి.

"దీన్ని ఇక్కణ్ణుంచి తీసేయండి," అన్నారు మంత్రిగారు.

సైకిలునో పిల్లనో స్పష్టంగా చెప్పలేదు. ఎందుకైనా మంచిదని అధికారులు రెండింటినీ తీసేశారు. మంత్రిగారు వెనక తలుపు గుండా వెళ్ళిపోయారు. లోపల పిల్లలు చాలాసేపు ఆపలేదు. ఆపడం ఏ పేజీలోనూ లేదు.

సోమవారం సర్క్యులర్ వచ్చింది. బొమ్మలావిడ జిరాక్సు మిషను పక్కన నిలబడి చదువుకుంది. "మొదటి ప్రయత్నంలో ఆశించిన ఫలితం రానందున పట్టుదల పథకాన్ని శాశ్వతంగా విరమించుకోవడమైనది. పుస్తకాలన్నీ వెనక్కి తీసుకోవలెను."

ఆవిడ దాన్ని మడిచి జాయింట్ డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళింది. "సార్, ఏప్రిల్ వచ్చేసింది. నా ఫైలు..."

"అంత తొందరైతే ఎలాగమ్మా?" అన్నారాయన, తల ఎత్తకుండా ఒక కొత్త కాగితం ముందుకు తోస్తూ. "ముందు ఇది చూడండి. మంత్రిగారు ఇప్పుడే ప్రకటించారు. పిల్లల్లో ఓర్పు పెంచే బొమ్మల పుస్తకం. గంటలో కావాలి."