పెడల్ కలిపిన చుట్టరికం

ఆదివారం పొద్దున ఉక్బాయ్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. మధ్యాహ్నం పెద్దమనుషులు వచ్చి ఆయన కూతురు సెనాయిత్‌ను హెనోక్ అనే కుర్రాడికి అడుగుతారు. పిల్లలిద్దరూ ఎప్పుడో ఇష్టపడ్డారు, ఇక పెద్దల మాటే మిగిలింది. ఆ పెద్దలకు పెద్ద, హెనోక్ తాత వెల్దు. అస్మారాలో సైకిలు తొక్కనివాడు లేడు గాని, వెల్దు తాత లెక్కలో తొక్కడం తెలిసినవాళ్లు పట్టుమని పదిమంది ఉండరు. మనిషి గుణం సైకిలు మీదే బయటపడుతుందని ఆయన నమ్మకం.

ఉక్బాయ్ పోస్టాఫీసులో గుమాస్తా. ఆయన సైకిలుకూ ఆయన నడకకూ వేగంలో పెద్ద తేడా ఉండేది కాదు. కాబోయే వియ్యాలవారి కంట్లో ఇలా పడితే ఏం బాగుంటుందని, పందేలవాళ్లు వాడే పెడళ్లు, వాటికి తగిన బూట్లు కొనుక్కొచ్చాడు. బూటు అడుగున ఓ ఇనప ముక్క ఉంటుంది. పెడల్ మీద మోపితే టక్కుమని పట్టుకుంటుంది. "వదిలించుకోవాలంటే కాలు పైకి లాక్కూడదన్నా. మడమ బయటికి తిప్పాలి. అదీ ఆగాక కాదు, ఆగకముందే తిప్పాలి," అని మెకానిక్ తెస్ఫు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఉక్బాయ్ చిలకలాగే తల ఊపాడు. పొద్దున్నే కాఫీ దుకాణం దగ్గర చేరే వెల్దు తాత బృందంతో ఓ చుట్టు తొక్కి, మధ్యాహ్నానికల్లా ఆయన మెప్పు సంపాదించేయాలని పథకం.

ఆ బూట్లతో గచ్చు మీద నడుస్తుంటే భార్య లెతెబ్రహన్ వంటింట్లోంచి తొంగి చూసింది.

"గాడిద లోపలికొచ్చిందేమో అనుకున్నానండీ. ఇంటికి పెద్దలొస్తున్న రోజే మొదలెట్టాలా ఈ సర్కసు?"

"పెద్దల కోసమేనే. ఇలా వెళ్లి అలా వచ్చేస్తా."

"రొట్టెలోకి యాలకులు తెండి. దారిలో కబుర్లు పెట్టుకోకండి."

తొక్కుతున్నంతసేపూ స్వర్గమే. ఇబ్బందల్లా ఆగడంతోనే. అందుకని ఉక్బాయ్ ఆగడమే మానేశాడు. కూడళ్ల దగ్గర దారి ఖాళీ అయ్యేదాకా గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాడు. అలా ఎవరికీ చెప్పుకోలేని విజయంతో ఓ సందులోకి మళ్లేసరికి, ఎదురుగా సంతాపపు పందిరి కనిపించింది.

అస్మారాలో ఎవరైనా పోతే ఇంటి ముందు వీధిలోనే పందిరి వేసి, బెంచీలు పరిచి, వచ్చేపోయేవాళ్లతో రోజుల తరబడి కూర్చుంటారు. ఆ పందిరి ముందునుంచి సైకిలు తొక్కుకుంటూ పోయేవాణ్ని పెంపకం లేనివాడంటారు. దిగాలి, తల వంచాలి, నడిపించుకుంటూ దాటాలి. ఉక్బాయ్ మంచి పెంపకంలో పెరిగినవాడు. బ్రేకు వేశాడు, తల వంచాడు, కాలు పైకి లాగాడు. కాలు రాలేదు. రెండో కాలూ రాలేదు. తెస్ఫు మాట గుర్తొచ్చేసరికి సైకిలు పక్కకి ఒరగడం మొదలైంది. నరికిన చెట్టులా, ఏ తొందరా లేకుండా, పందిరి గుమ్మంలోనే కూలిపోయాడు.

మోకాలిచిప్ప రాయికి తగిలి కళ్లమ్మట నీళ్లు బొటబొటా కారాయి. పాదాలు పెడళ్లలోనే ఉండటంతో సైకిలును కావలించుకునే పడి ఉన్నాడు. పందిట్లో ఆడవాళ్లంతా తెల్లటి శాలువలు సర్దుకుంటూ ఒక్కసారిగా గొల్లుమన్నారు.

"ఎవరి బిడ్డో పాపం, కబురు తెలిసి ఉన్నపళంగా వచ్చినట్టున్నాడు. దిగే ఓపిక కూడా లేదు."

"లేపండర్రా. ఆ సైకిలు వదలమనండి."

"వదలడం లేదమ్మా. దుఃఖంలో దేన్నో ఒకదాన్ని పట్టుకోవాలిగా."

ఇద్దరు మగవాళ్లు చంకల్లో చేతులు వేసి లేపితే సైకిలు కూడా లేచింది. మళ్లీ పడుకోబెట్టి మళ్లీ లాగారు. చివరికి ఉక్బాయ్ బూట్లలోంచి ఊడివచ్చాడు. బూట్లు పెడళ్లకే ఉండిపోయాయి. ఆయన్ని మేజోళ్లతోనే లోపలికి నడిపించి, మంచి చోటు చూసి కూర్చోబెట్టి, చేతిలో టీ పెట్టారు.

"పోయినావిడ నీకేమవుతుంది నాయనా?" అని ఓ ముసలాయన ప్రేమగా అడిగాడు.

ఎరక్కపోయి వచ్చి ఇరుక్కుపోవడమంటే ఇదే. పోయినవాళ్లింట కూర్చుని, నేను మీ మనిషి కోసం ఏడవలేదు, బూటు కోసం ఏడ్చానని ఏ నోటితో చెబుతాడు? "తల్లి లాంటిదండీ," అన్నాడు.

"తల్లి వైపా, తండ్రి వైపా?"

"తల్లి వైపే."

నోరు జారాక అస్మారాలో ఇక తిరుగుండదు. అక్కడ ముసలివాళ్లకు కాఫీ తర్వాత అంత ఇష్టమైనది వంశాలు కలపడమే. ఏడు తరాల్లోపు చుట్టరికం ఉంటే పెళ్లి కుదరదు కాబట్టి, ఎవరు ఎవరికి ఏమవుతారో కంఠతా పెట్టుకుని ఉంటారు. తాత పేరేమిటన్నారు, చెప్పాడు. ముత్తాత పేరన్నారు, అదీ చెప్పాడు. చిన్నప్పుడు బెత్తం పెట్టి నేర్పిన పేర్లు ఆగమన్నా ఆగలేదు. "గెబ్రెకిదాన్" అనే పేరు దగ్గర ముసలాయన మోకాలి మీద చరుచుకున్నాడు.

"మన గెబ్రెకిదానే. వెళ్లిపోయిన తమ్ముడి సంతతి. అయిదో తరం. రక్తం ఊరికే పోతుందా, ఎక్కడున్నా ఈడ్చుకొచ్చి పడేస్తుంది."

అందరూ ఉక్బాయ్‌ని కావలించుకుని మళ్లీ ఏడ్చారు. ఆయనా కాస్త ఏడ్చాడు, మోకాలు ఇంకా మండుతోంది. టీ తాగి మెల్లగా జారుకుందామని లేవబోతుండగా పందిట్లోకి వెల్దు తాత వచ్చాడు.

"రా వెల్దూ. నీ మేనత్త పోతూ పోతూ నీకో కొడుకు వరసవాణ్నిచ్చి పోయింది," అన్నాడు ముసలాయన.

పోయింది వెల్దు తాత మేనత్తా అని ఉక్బాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. తన చావు కోసం హెనోక్ పెళ్లిమాటలు ఆపొద్దని, అవతలివాళ్లకు చెప్పనే వద్దని ఆ పెద్దావిడ ఒట్టు వేయించుకుని మరీ పోయిందట. వెల్దు తాత మేజోళ్ల ఉక్బాయ్‌ని పైనుంచి కిందికి చూశాడు. అయిదో తరమని విని బెంచీ మీద కూలబడ్డాడు.

"మధ్యాహ్నం మా హెనోక్‌కి ఈయన కూతుర్నే అడగబోతున్నాను," అన్నాడు.

ఓ పెద్దావిడ శాలువ నోటికి అడ్డం పెట్టుకుంది. "అన్నాచెల్లెళ్లకా? దేవుడే ఈ అబ్బాయిని సమయానికి పంపించాడు."

"నేను మీకెవర్నీ కాను," అన్నాడు ఉక్బాయ్. "బూటు ఊడలేదు. అందుకే పడ్డాను. మోకాలు చిట్లి ఏడ్చాను. అంతే."

ఎవరూ నమ్మలేదు. కూతురి పెళ్లి కోసం కన్నతల్లి వంశాన్నే కాదంటున్నాడే అని చెవులు కొరుక్కున్నారు. అయినవాడు కాకపోతే గుమ్మంలో అంతలా పడి ఏడుస్తాడా అన్నాడు ముసలాయన. ఈలోగా కబురు ఇంటికి పాకింది. లెతెబ్రహన్ చేతులకు పిండితోనే పరుగెత్తుకొచ్చింది. వెనకాల సెనాయిత్ మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"నాన్నా, హెనోక్ నాకు అన్నయ్యట. వీధిలో అందరూ అంటున్నారు."

"యాలకులు తెమ్మంటే చుట్టాల్ని తెచ్చారా?" అంది లెతెబ్రహన్.

కూతురి మొహం చూసి ఉక్బాయ్‌కి గుండె తరుక్కుపోయింది. ఒక్క అబద్ధం, అదీ మర్యాద కోసం ఆడినది, పిల్ల బతుకు మీదికొచ్చింది. "పెద్దయ్యా, మళ్లీ తొక్కి చూపిస్తాను. మళ్లీ పడతాను. అప్పుడైనా నమ్ముతారా?" అన్నాడు.

"చూపించు," అన్నాడు వెల్దు తాత.

బెంచీలు వీధి వైపు తిప్పారు. ఉక్బాయ్ బూట్లు మళ్లీ తొడుక్కుని సందు చివరికి వెళ్లి, పడేలా చూడు తండ్రీ అని మొక్కుకుని బయల్దేరాడు. పందిరి ముందు బ్రేకు వేశాడు. మడమ దానంతటదే తిరిగింది. టిక్కుమని పాదం బయటికొచ్చింది. పందెం గెలిచినవాడిలా నేల మీద నిలబడ్డాడు. నిర్ఘాంతపోయి మళ్లీ వెళ్లాడు, మళ్లీ అంతే. పొద్దుట్నుంచీ రాని విద్య సరిగ్గా అక్కర్లేనప్పుడు అబ్బింది. విసుగెత్తి కావాలని పక్కకి ఒరిగితే, పాదం ముందే ఊడివచ్చి ఆయన్ని కాపాడింది.

"వేషాలేస్తున్నాడు," అన్నారు ఆడవాళ్లు. సెనాయిత్ తల్లి భుజంలో మొహం దాచుకుంది.

వెల్దు తాత లేచాడు. "ఆ బూట్లు ఇలా ఇవ్వు. అరవై ఏళ్లుగా తొక్కుతున్నాను. పెడల్ మనిషిని పట్టుకోవడమేమిటి? మనిషి కదా పెడల్‌ని పట్టుకోవాలి."

"పెద్దయ్యా, మడమ ముందే..."

"నాకు చెప్పకు."

ఆయన సైకిలెక్కిన తీరు చూసి సందంతా ఊపిరి బిగబట్టింది. వీపు నిటారుగా, తల ఎత్తి, సందు చివరిదాకా వెళ్లి హుందాగా వెనక్కి మళ్లాడు. పందిరి దగ్గరికొచ్చాడు. మేనత్త గౌరవార్థం తల వంచాడు. బ్రేకు వేశాడు. కాలు పైకి లాగాడు. ఆయన మొహంలో ముందు అనుమానం, తర్వాత ఆశ్చర్యం కనిపించాయి. అలాగే, ఏ తొందరా లేకుండా, గుమ్మంలోకి ఒరిగిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆడవాళ్లు అలవాటు కొద్దీ గొల్లుమనబోయి ఆగిపోయారు. మగవాళ్లు చంకల్లో చేతులు వేసి లేపితే సైకిలు కూడా లేచింది.

వంశాలు కలిపిన ముసలాయన మెల్లగా దగ్గరికొచ్చి వంగి చూశాడు.

వెల్దు తాత సైకిలును కావలించుకునే, ఆకాశం వైపు చూస్తూ తీర్పు చెప్పాడు. "ఆ గెబ్రెకిదాన్ వేరే గెబ్రెకిదాన్."

"ఆ పేరు ఊరికి పదిమందికి ఉంటుందిలే," అని ముసలాయన కూడా ఒప్పుకున్నాడు.

మధ్యాహ్నం పెద్దమనుషులు చెప్పిన వేళకే వచ్చి పిల్లను అడిగారు. వెల్దు తాత నడిచే వచ్చాడు.