తంగేడు సాక్ష్యము

నా పొలపు గట్టును ఏటేటా నాగలికోరలతో నమిలిన దేవ్యా అను పక్కచేని ప్రభువు కడుపున ఆ మన్ను అరగకుండుగాక!

శ్రీ ఖరనామ సంవత్సర గ్రీష్మమున, ప్రచండమార్తాండకిరణదగ్ధమై తొర్రూరు నేల నోరు తెరిచి నీరడుగు వేళ, ఆ హలాయుధుడు దుక్కి దున్నుచు నా గట్టున ఒక సాలు హరించెను. వర్షర్తువున ఘోరధారాపాతమునకు మిగిలినది కరిగి జారెను. నేను సింహనాదము చేసితిని:

"గట్టేది రా దేవ్యా?"

"నేనెందుకు తింట అన్నా? వాన తిన్నది."

"వానకు నాగలున్నదా?"

హద్దురాళ్లు నడిచిపోవును గాని చెట్లు నడవవు కదా! గట్టు నడుమ మొలిచిన తంగేడే నాకు సాక్షి. దానిని చూపి కొలిపింతునని సర్వేయరుకు దరఖాస్తు పెడితిని. అంతలో సకల జనుల సమ్మె వచ్చి ఆఫీసుకు తాళము పడెను. జై తెలంగాణ అని నేనును అరచితిని.

భాద్రపదమున తంగేడు స్వర్ణకిరీటధారియై విరబూసెను. బతుకమ్మ రేపనగా, కొడవళ్లు ఝళిపించుచు, పుష్పాపహరణదక్షయైన సాయమ్మ నాయకత్వమున స్త్రీసేన దిగెను. కట్టె పట్టి అడ్డునిలిచితిని.

"ఓ వనితలారా! ఇది పువ్వు గాదు, నా భూమికి సాక్ష్యము! నా ప్రాణములుండగా..."

"జర జరుగు సుభాషన్నా," అన్నది సాయమ్మ. "బతుకమ్మకు పువ్వియ్యకుంటే రాష్ట్రమెట్లొస్తది?"

రాష్ట్రద్రోహి అందురని జడిసి కట్టె దించితిని. మొదలంట కోసుకపోయిరి. హేమంతమున ఏపుగా పెరిగిన గడ్డి ఆ మోడును మింగెను. సమ్మె ముగిసి వచ్చిన సర్వేయరు "పాత గుర్తు చూపు" అనెను. నేను గడ్డి వెదకితిని. దేవ్యా ఆకాశము చూచెను. సర్వేయరు బస్సు టైము చూచుకొనెను. వేసవి దుక్కిలో కొత్త గట్టు నా వైపు లేచెను.

మరల వానలు పడెను. వేరు చావలేదు! మరుసటి భాద్రపదమున, దేవ్యా పత్తిసాళ్ల నడుమ, కొత్త గట్టుకు మూడు మూరల అవతల, నా సాక్షి పచ్చని కన్ను తెరిచెను. రణోత్సాహమున దుమికి ఒక రెమ్మ విరిచితిని.

"తెంపుకో అన్నా," అనెను దేవ్యా కలుపు తీయుచునే. "నా చేన్లదైతేంది, పువ్వే కద!"

వినుడు దిక్కులారా! ఒక్క రెమ్మ గెలిచి, తలరుమాలులో చెక్కి, విజయుడనై ఇల్లు చేరితిని.

పోయిన భూమి గుంటన్నర.