కలవని ఫ్రేమ్ రేట్లు, కలిసిన తోడల్లుళ్ళు

ఫ్రేమ్ రేట్లు కలవకపోవడమంత అదృష్టం మనిషికి మరొకటి లేదు!

నవ్వకండి. ఈ ముక్క చదివి వీడియో ఎడిటర్లు నన్ను కొట్టడానికి వస్తారని తెలుసు. రానివ్వండి. వాళ్ళ కంప్యూటర్లలో ఇంకా ఏదో ఒక వీడియో తయారై బయటికి రావడానికి రెండర్ అవుతూనే ఉంటుంది. అది పూర్తయి వాళ్ళు బయలుదేరేలోగా నా వాదన ముగించేస్తాను.

తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. వీడియో అంటే కదిలే బొమ్మ కాదు, కదలని బొమ్మల్ని గబగబా తిప్పడం. సెకనుకు ఎన్ని బొమ్మలుంటే అదే ఫ్రేమ్ రేటు. ఒక ఫోను అరవై తీస్తుంది. ఇంకోటి ముప్పై తీస్తుంది. నాలాంటి కళాకారుడి ఫోను మాత్రం సినిమా లుక్ కోసం ఇరవై నాలుగుతో సరిపెట్టుకుంటుంది. ఇవన్నీ తెచ్చి ఒకే ప్రాజెక్టులో పడేస్తే ఏమవుతుంది? లోకకల్యాణం అవుతుంది!

నమ్మకం లేదా? మా అత్తవారింట్లో ఏం జరిగిందో వినండి.

మా అత్తగారికి ముగ్గురు కూతుళ్ళు. నేను రెండో అల్లుణ్ణి. పెద్దల్లుడు పళ్ళ డాక్టరు. చిన్నల్లుడు డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. ఒకాయన రోజంతా ఎదుటివాళ్ళని నోరు తెరవమంటాడు. ఇంకొకాయన రోజంతా తనే నోరు తెరిచి "బ్రేకు! బ్రేకు!" అని అరుస్తాడు. ఇద్దరికీ జబ్బు మాత్రం ఒకటే. రెండోవాడి కంటే ఒక మెట్టు పైన ఉండాలి.

ఒక ఆదివారం పొద్దున్న అందరం పార్కుకి వెళ్ళాం. మాటా మాటా పెరిగి, ఎవరు వేగంగా నడుస్తారో తేల్చుకుందామన్న దాకా వచ్చింది. పరుగు కాదు, నడకే. ట్రాక్ మీద ఒక రౌండు వేసి, గేటు ముందుగా ముట్టుకున్నవాడు గెలిచినట్టు. అత్తగారు గట్టిగా చప్పట్లు చరిచి "ఊఁ, కానివ్వండి!" అన్నారు. వదిన తన ఫోను డాక్టరు మీద గురిపెట్టింది. మరదలు తన ఫోను డ్రైవింగ్ మాస్టారి మీద గురిపెట్టింది. నేను ఆకుల సందుల్లోంచి పడే వెలుగును తీస్తూ కూర్చున్నాను.

గేటు దగ్గర ఇద్దరూ ఒకేసారి "నేనే!" అని కేక పెట్టారు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి "మా ఆయనే!" అన్నారు.

మా ఆవిడ నావైపు తిరిగింది. "మీరిక్కడే ఉన్నారుగా, ఎవరు ముందొచ్చారు?"

"నేను ఫోకస్ చూసుకుంటున్నాను. నువ్వు?"

"నేను పిల్లల్ని వీడియో తీస్తున్నాను."

ఇంకేముంది, తీర్పు నా నెత్తిన పడింది. ఎప్పుడో ఒక పుట్టినరోజు వీడియోకి పాట అతికించిన పాపానికి నేను ఆ ఇంటికి ఆస్థాన ఎడిటర్ని. "రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టడమే కదయ్యా, చిటికెలో పని" అన్నాడు డాక్టరు. పన్ను పీకడం అంటే పట్టుకుని లాగడమే కదా అని నేనెప్పుడైనా అన్నానా?

ఇంటికొచ్చి కంప్యూటర్ తెరిచాను. ముందు మరదలి ముప్పైని పెట్టాను. తర్వాత వదిన అరవైని పెట్టబోతే సాఫ్ట్‌వేర్ అడ్డం తిరిగింది. ఈ క్లిప్పు నీ ప్రాజెక్టుతో కలవడం లేదు, అదనపు బొమ్మలు వదిలేయాలా, అన్నీ ఉంచాలా అని అడిగింది. వదిన అంత కష్టపడి తీసిన బొమ్మల్ని పారేయడానికి నాకు మనసెలా ఒప్పుతుంది? పెద్దావిడ! అన్నీ ఉంచమన్నాను.

ఉంచింది. సెకనులో అవ్వాల్సిన అరవై బొమ్మలు రెండు సెకన్లకు సాగాయి. ఎడమవైపు డ్రైవింగ్ మాస్టారు చకచకా నడిచి గేటు దాకా వచ్చేశాడు. కుడివైపు డాక్టరు గాల్లో దూదిపింజలా తేలుతూ, బుగ్గలు అలలు అలలుగా ఊగుతుండగా, అప్పటికి సగం దూరమే వచ్చాడు.

వీడియో పంపగానే డాక్టరు ఫోను చేశాడు. "ఏమయ్యా, నేనేమన్నా చంద్రమండలం మీద నడుస్తున్నానా?"

సరే, తప్పు దిద్దుకున్నాను. ఈసారి ప్రాజెక్టును నా ఇరవై నాలుగుకి మార్చి, వదిన బొమ్మల్లో అదనం వదిలేయమన్నాను. మరదలివి మాత్రం ఒక్కటి కూడా తీయొద్దన్నాను. చిన్నపిల్ల, నొచ్చుకుంటుంది. దాంతో డాక్టరు వెనక నుంచి ఎవరో తోస్తున్నట్టు టకటకమని గెలిచాడు. డ్రైవింగ్ మాస్టారు ఈడ్చుకుంటూ వచ్చి ఓడిపోయాడు.

"అన్నయ్యగారూ, నన్ను మోకాల్లోతు బురదలో దింపారేంటి?" అని అతను ఫోను చేశాడు.

ఆ దెబ్బతో తోడల్లుళ్ళకి మాటల్లేవు. అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు. ఇద్దరూ మా ఆవిడకి మాత్రం ఫోను చేసి ఒకరి మీద ఒకరు చెప్పుకునేవారు. విని విని ఆమె చెవులు వాచిపోయాయి.

"ఎవరు గెలిచిన వీడియో వాళ్ళకి పంపి చేతులు దులుపుకోండి" అంది.

పంపాను. అంతే! డాక్టరు తన గెలుపును క్లినిక్ టీవీలో పెట్టాడు. చెంపలు వాచిన పేషెంట్లు చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ మెచ్చుకున్నారట. డ్రైవింగ్ మాస్టారు క్లచ్ పాఠానికి ముందు తన గెలుపు చూపించాడు. ఆయన చేతికింద స్టీరింగ్ పట్టినవాళ్ళు మెచ్చుకోక చస్తారా? అక్కాచెల్లెళ్ళు మళ్ళీ గంటలకొద్దీ కబుర్లలో పడ్డారు.

చూశారా మరి! రేట్లు చక్కగా కలిసి ఉంటే ఒకాయన ఓడిపోయి ఉండేవాడు. కలవలేదు కాబట్టి ఇద్దరూ గెలిచారు. ఈ పద్ధతిని దేశమంతటా ఎందుకు అమలు చేయకూడదు? ఆఫీసుకి ఆలస్యంగా వచ్చినవాణ్ణి ఫాస్ట్‌గా చూపిస్తే సకాలంలో వచ్చినట్టే కదా? పెళ్ళాం మీద విసుక్కున్న మొగుణ్ణి స్లోగా చూపిస్తే ఆలోచించి మాట్లాడినట్టే కదా?

ఇలా నా సిద్ధాంతం నిక్షేపంగా సాగిపోతుండగా అత్తగారు అందరినీ భోజనానికి పిలిచారు. తిన్నాక కాళ్ళు చాపుకుని టీవీ ముందు కూర్చున్నాం. ముందు డాక్టరు తన వీడియో పెట్టాడు. అది అయీ అవకముందే డ్రైవింగ్ మాస్టారు తనది పెట్టాడు. తర్వాత ఇద్దరూ కలిసి నావైపు చూశారు. అప్పుడు తెలిసింది నాకు, తలుపు ఎంత దూరంలో ఉందో!

"బాబూ," అన్నారు అత్తగారు నెమ్మదిగా, "కంప్యూటర్ తెచ్చుకోండి. ఇక్కడే, మా అందరి ముందూ సరిగ్గా చెయ్యండి."

చేశాను. బొమ్మల లెక్క ఎలా ఉన్నా ఎవరి సెకను వాళ్ళకి సెకనుగానే ఉండేలా సెట్టింగులు మార్చాను. అత్తగారి చప్పట్ల శబ్దం దగ్గర రెండు క్లిప్పుల్నీ జత చేశాను. ఇంత సులువని ముందే తెలిసుంటే ఆ సిద్ధాంతం ఊసే ఎత్తేవాణ్ణి కాదు.

ఇద్దరూ సమానంగా నడిచొచ్చారు. గేటు దగ్గరపడింది. అందరం టీవీ మీదికి వంగాం. సరిగ్గా అప్పుడు వదిన సంతోషం పట్టలేక ఎగిరినట్టుంది, తెర నిండా ఆమె చెప్పులే. మరదలి వైపు చూస్తే ఆకాశం.

"పక్కలు కత్తిరించినట్టున్నావు. మొత్తం చూపించు, ఏదో ఒకటి దొరుకుతుంది" అన్నాడు డాక్టరు.

రెండూ పక్కపక్కన పట్టడానికి చెరో సగం కోశాను, నిజమే. వదిన క్లిప్పు మొత్తం తెరిచి మళ్ళీ వేశాను. కుడి అంచున ఒక పెద్దావిడ నీళ్ళసీసా పట్టుకుని వస్తోంది. వెనక ఎక్కడో చీమంత డాక్టరు, చీమంత డ్రైవింగ్ మాస్టారు. ఆవిడ గేటు దాకా వచ్చింది, చేత్తో ముట్టుకుంది, పక్కనున్న బెంచీ మీద కూర్చుంది.

"అమ్మా, ఇది నువ్వే!" అంది మా ఆవిడ.

"నేనే. చప్పట్లు కొట్టి ఊరికే నిలబడ్డం దేనికని నేనూ నడిచాను."

"మరి చెప్పవేం?"

"ఎవరికి చెప్పను? అందరూ ఫోన్లలో ఉన్నారు. పని చెడగొట్టడం ఎందుకులే అని ఊరుకున్నాను."

అల్లుళ్ళిద్దరూ ఒకేసారి మంచినీళ్ళు అడిగారు.

మరుసటి ఆదివారం మళ్ళీ నడక. ఫోన్లన్నీ ఇంట్లో వదిలేసి రావాలన్నది అత్తగారి షరతు. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తోచలేదు. ఆవిడ ముందు, అల్లుళ్ళిద్దరూ వెనక.

"నీకూ మోకాలు పట్టేసిందా?" అని డాక్టరు రొప్పుతూ అడిగాడు.

"మాట్లాడించకండి అన్నయ్యగారూ, ఊపిరి అందట్లేదు" అని డ్రైవింగ్ మాస్టారు ఆయన భుజం పట్టుకున్నాడు.

అలా ఒకరినొకరు పట్టుకుని వాళ్ళు వచ్చేసరికి అత్తగారు గేటు ముట్టుకుని చాలాసేపయింది. తగాదా లేదు, తీర్పు లేదు. అందరం చూశాం! చేతులు ఖాళీగా ఉన్నాయి కాబట్టి చప్పట్లు కూడా కొట్టాం.

వదిన పరుగున వచ్చింది. "అమ్మా, ఎంత బాగా నడిచావే! ఉండు, ఇల్లు పక్కనే కదా, ఫోను తెస్తాను. అచ్చం ఇలాగే ఇంకొక్క రౌండు నడువు!"

"నాదీ పట్రా అక్కా!" అంది మరదలు.

"అరవైలో తియ్యండి వదినా, స్లో మోషన్ అద్భుతంగా ఉంటుంది!" అన్నాను నేను.

అత్తగారు బెంచీ మీద కూర్చుని తీరిగ్గా నీళ్ళు తాగారు. సీసా మూత బిగించారు.

"ఇప్పుడేగా చూశారు, చాలదూ?"

మేమందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఫోన్లు లేవు కదా, ఇంకేం చూస్తాం!